మాట, బొమ్మ, మారుమాట
(జహీరాబాదు సీమలో దృశ్యశ్రవణ సాధనముల చరిత్ర)

గ్రంథాలయమనగా వ్రాయబడిన మాటకు నిలయమని లోకము నమ్మినది. ఆ నమ్మకము తప్పు కాదు గాని సంపూర్ణమును కాదు. మానవుడు వ్రాత నేర్చుటకు ఎన్నియో వేలయేండ్లకు ముందే మాట నేర్చెను, బొమ్మ గీయ నేర్చెను, పాట కట్ట నేర్చెను. వ్రాత వచ్చిన పిమ్మట గూడ పల్లెలలో ఎక్కువమంది విద్య నాలుకపైననే నిలిచినది. ఏ చేనికి ఏ విత్తనము తగునో, ఏ జ్వరమునకు ఏ ఆకు పనిచేయునో, ఏ కార్తెలో ఏ పైరు వేయవలెనో తెలిసిన అవ్వకు ఓనమాలు రాకపోవచ్చును. ఆమె కన్నుమూసిన దినమున ఒక గ్రంథము కాలిపోయినట్లే యగును. అయితే ఆ గ్రంథము ఏ జాబితాలోను ఉండదు గనుక దాని నష్టమును లెక్కించువారుండరు.

ఇట్టి నష్టమును గుర్తించుట తెలంగాణమునకు క్రొత్త కాదు. రాయికోడుకు దవ్వు గాని జోగిపేటలోనే 1930లో ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. సురవరం ప్రతాపరెడ్డిగారు దానికి అధ్యక్షులు. తెలంగాణమున కవులు లేరన్న మాట వినబడినప్పుడు వారు వాదమునకు దిగక, 354 మంది కవులను వెదకి తెచ్చి 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించిరి. లేదన్నదానిని ఉన్నదని చూపుటకు సేకరణమే సమాధానమని ఆ సంచిక నేర్పిన పాఠము. కాని అది వ్రాతలోనికి వచ్చిన కవిత్వమును మాత్రమే చేరదీయగలిగినది. వ్రాతలోనికి రాని విద్య అట్లే మిగిలిపోయినది. దానిని నిలువరించుటకు వేరొక సాధనము కావలసివచ్చెను. ఆ సాధనము ధ్వనిముద్రణము, చలనచిత్రము. అవి ఈ సీమకు ఎట్లు వచ్చినవి, ఎవరి చేతికి చిక్కినవి, ఏమి ఫలించినవి అను విషయము ఒక చరిత్ర.

పటము కథ

దృశ్యమును శ్రవణమును జోడించుట మన పల్లెకు యంత్రములు నేర్పిన విద్య కాదు. చేర్యాల నకాషీ చిత్రకారులు పొడవైన వస్త్రముపై వరుసగా బొమ్మలు వ్రాయగా, కథకులు ఆ పటమును కొద్దికొద్దిగా విప్పుచు, ఒక్కొక్క బొమ్మను చూపుచు, కులపురాణమును గానము చేయుదురు. చుట్టూ కూర్చుండినవారు ఊరక విందురా? నడుమ ప్రశ్నలడుగుదురు, తమ వంశమువారి పేరు వచ్చినచోట కానుక వేయుదురు, నచ్చిన ఘట్టమును మరల చెప్పుమందురు. శ్రోతల మాటను బట్టి కథ నిడివి పెరుగును, తరుగును. బుఱ్ఱకథలో వంతలు తందాన పలుకనిదే కథకుని నోట తరువాతి మాట రాదు. ఇంటిలో అవ్వ కథ చెప్పినను ఊకొట్టువారు లేనిదే కథ సాగదు.

ఈ 'ఊ' అనుటయే మన కథాసంప్రదాయమునకు ప్రాణము. చెప్పువాడును వినువాడును ఇచ్చట ఇద్దరు కర్తలు. ఇరువదవ శతాబ్దమున వచ్చిన యంత్రములు మాటను దూరము చేర్చినవి, బొమ్మను కదిలించినవి. కాని తొలుత అవి ఈ 'ఊ' అను మాటను మ్రింగివేసినవి. ఆ మాటను మరల సంపాదించుకొనుటకే తరువాతి ప్రయత్నములన్నియు జరిగినవి.

గాలిలో మాట

హైదరాబాదు రాజ్యమున 1930ల దశకములో నిజాం ప్రభుత్వము క్రింద డెక్కన్ రేడియో వెలసినది. 1950లో అది అఖిల భారత ఆకాశవాణిలో కలిసినది. పట్టణములోని విద్వాంసుని గానము, పల్లెలోని కచ్చేరి చావడి వద్ద వినిపించుట ఆనాడు ఒక అద్భుతము. అయినను రేడియో మాటలాడును గాని వినదు. దానిని ప్రశ్నించిన మారు పలుకదు.

ఈ లోటును పెద్దలు త్వరలోనే కనుగొనిరి. 1956లో యునెస్కో తోడ్పాటుతో ఆకాశవాణి పూనా ప్రాంతమున 150 గ్రామములలో రేడియో గ్రామ గోష్ఠులను నెలకొల్పినది. 'వినుడు, చర్చింపుడు, ఆచరింపుడు' అనునది వాని సూత్రము. గ్రామస్థులు ఒకచోట చేరి కార్యక్రమమును విని, దానిపై తర్కించి, తమ సందేహములను కేంద్రమునకు వ్రాసి పంపుదురు. తరువాతి కార్యక్రమములో సమాధానము వచ్చును. ఫలితము ఆశాజనకముగా నుండుటచే 1959 నుండి ఈ పద్ధతిని దేశమంతటికిని విస్తరింపజేసిరి. కాని జాబు వ్రాయగలవాడే ప్రశ్న అడుగగలడు. వ్రాత రానివారి ప్రశ్న ఊరు దాటలేదు. ఊరిలో గూడ చావడి మెట్లెక్కలేని కులములవారి ప్రశ్న, చావడికే రాని స్త్రీల ప్రశ్న, గోష్ఠి వరకైన రాలేదు.

ఆకాశమునుండి బొమ్మ

1975 ఆగస్టు 1వ తేదీన మరియొక గొప్ప ప్రయోగము మొదలైనది. అమెరికావారి ఏటీఎస్-6 అను ఉపగ్రహము సాయముతో ఆంధ్రప్రదేశ్, కర్ణాటకము మొదలగు 6 రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు సూటిగా టెలివిజను ప్రసారము అందింపబడెను. ఇదియే 'సైట్' అని పేరొందిన ప్రయోగము. 1976 జులై 31తో అది ముగిసినది. గ్రామములలో నిలిపిన టెలివిజను పెట్టెలను హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. నిర్మించినది. కార్యక్రమములు తయారు చేయు మూడు కేంద్రములలో హైదరాబాదు ఒకటి; తక్కినవి ఢిల్లీ, కటకము. విద్యుచ్ఛక్తి సరిగా లేని పల్లెలో పది అడుగుల వెడల్పుగల తీగవల గొడుగు నెత్తి, అంతరిక్షమునుండి దిగివచ్చు బొమ్మను చూచుట ప్రపంచములోనే అపూర్వ విషయము.

సాంకేతికముగా ఆ ప్రయోగము విజయము. అయితే అదియు ఏకముఖ ప్రవాహమే. నగరములోని నిపుణుడు చెప్పును; పల్లెవాడు చూచును. సేద్యమును గూర్చిన పాఠము చెప్పువానికి ఆ పల్లె నేల నల్లనో ఎఱ్ఱనో తెలియదు. వినువానికి తెలిసినను చెప్పుటకు దారి లేదు. ఆ ప్రయోగములో పాల్గొని, పిదప హైదరాబాదు దూరదర్శన్‌లో గ్రామీణ కార్యక్రమముల నిర్మాతగా పనిచేసిన పి.వి.సతీశ్ గారికి ఈ లోటు తెలియవచ్చినది. ఆయన జన్మస్థానము మైసూరు, కర్మభూమి జహీరాబాదు.

పస్తాపూరు

సతీశ్ గారును వారి మిత్రులును 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించిరి. జహీరాబాదు చెంత పస్తాపూరు దానికి కేంద్రము. ఆ పరిసర మండలములలోని సుమారు 75 గ్రామములలో స్త్రీల సంఘములు ఏర్పడినవి. వీరిలో పెక్కుమంది దళిత కుటుంబములవారు. కొద్దిపాటి మెట్టభూమిపై జొన్న, సజ్జ, కొఱ్ఱ, సామ, కంది కలిపి పండించుకొనువారు. బీడు భూములను సాగులోనికి తెచ్చుట, పాత విత్తనములను చేర్చి దాచుట, సంఘము పేర ధాన్యనిధి నుంచుట వీరి పనులు. ఏటేట ఎడ్లబండ్లపై విత్తనములనలంకరించి ఊరూర త్రిప్పు 'పాత పంటల జాతర' వీరిదే. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారు ఈ సంస్థకు ఈక్వేటర్ బహుమాన మొసగిరి.

ఇట్టి స్త్రీలకు లోకముతో మాటలాడవలసిన అవసరము కలిగినది. వారికి చెప్పదగిన విషయమున్నది, చెప్పు నేర్పున్నది, అక్షరము మాత్రము లేదు. అక్షరము నేర్చుదాక నోరు మూసికొని యుండుమనుట న్యాయమా? ఈ ప్రశ్నయే 1996లో కెమెరా శిక్షణకు దారి తీసినది. నాగలి పట్టిన చేతికి, కలుపు తీసిన చేతికి వీడియో కెమెరా నిచ్చిరి. ఇంగ్లీషు గుర్తులున్న మీటలను చదువలేనివారు వాని రంగును, ఆకారమును, స్థానమును గుర్తుంచుకొనిరి. విత్తనమును చూచి పేరు చెప్పగల కంటికి మీటల గుర్తు కష్టమా?

వారు చిత్రీకరణ పద్ధతులకు తమ పేర్లు తామే పెట్టుకొనిరి. క్రిందినుండి పైకి చూచుచు తీసిన బొమ్మలో మనిషి పెద్దవాడుగా కనబడును. పల్లెలో పేదవాడు నేలపై కూర్చుండి, అరుగుపైనున్న దొరను అట్లే చూచును గనుక అది 'పటేల్ షాటు'. పైనుండి క్రిందికి తీసినచో మనిషి కుంచించుకొని కనబడును. అది బానిసను చూచు చూపు. ఎదుటివారి కన్నులకు సమానమైన ఎత్తులో కెమెరా నుంచి తీసినది 'సంఘం షాటు'. సంఘములో అందరును ఒకే చాపపై కూర్చుందురు గదా! చలనచిత్రశాస్త్రము నేర్చినవారు ఈ మూడు కోణములను ఎన్నడో ఎఱుగుదురు. కాని ఆ కోణములలో దాగిన గౌరవ మర్యాదలను, హెచ్చుతగ్గులను ఇంత సూటిగా పేరుపెట్టి చెప్పినవారు అరుదు. తమ చిత్రములలో సంఘం షాటునే వాడవలెనని వారు కోరుకొనుటలో ఒక జీవిత సిద్ధాంతమే యున్నది.

2001లో ఈ స్త్రీలు కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడిరి. వారు తీసిన చిత్రములు సంఘములయందు ప్రదర్శింపబడును. చూచినవారు తప్పొప్పులు చెప్పుదురు, తామెఱిగినదానిని చేర్చుదురు. చిత్రము ముగిసినచోట మాట మొదలగును. పటము కథలోని 'ఊ' మరల వినబడినది.

గాలి యెవరి సొత్తు?

చిత్రమును తీసికొనుటకు ఎవరి అనుమతియు నక్కరలేదు. రేడియో విషయమట్లు కాదు. 1885 నాటి భారత తంతి చట్టము ప్రకారము గాలిలో మాట పంపుటకు ప్రభుత్వపు లైసెన్సు కావలసియుండెను. స్వాతంత్ర్యము వచ్చిన చాలకాలము వరకు ఆ హక్కు ఆకాశవాణికే పరిమితమై యుండెను.

ఈ కట్టును సడలించినది ఒక క్రికెట్ వివాదమనిన ఆశ్చర్యము కలుగును. బెంగాల్ క్రికెట్ సంఘమునకును కేంద్ర ప్రభుత్వమునకును ప్రసారహక్కును గూర్చి నడచిన వ్యాజ్యములో 1995 ఫిబ్రవరి 9న సుప్రీం కోర్టు తీర్పు చెప్పుచు, వాయుతరంగములు ప్రజల ఆస్తియని ప్రకటించినది. తీర్పు చెప్పిన న్యాయమూర్తులు పి.బి.సావంత్, ఎస్.మోహన్ గార్లు; తెలుగువారైన బి.పి.జీవన్ రెడ్డిగారు వేరుగా తీర్పు వ్రాయుచు ఇదే సూత్రమును బలపరచిరి.

గాలి ప్రజలదైనచో ప్రజలకు అందులో పాలు దక్కవలెను గదా! 1996లో బెంగుళూరునందు సమావేశమైన ప్రసార నిపుణులు సామాజిక రేడియోను కోరుచు ఒక ప్రకటన చేసిరి. 1998 నాటికి యునెస్కో సహాయముతో ఝరాసంగం మండలములోని మాచనూరు గ్రామమున రేడియో కేంద్రము సిద్ధమైనది. ధ్వనిముద్రణశాల ఉన్నది, యంత్రములున్నవి, పనిచేయ నేర్చిన స్త్రీలున్నారు, లైసెన్సు లేదు. 2000 జులైలో హైదరాబాదునందును పస్తాపూరునందును జరిగిన సదస్సు, లాభాపేక్ష లేక స్థానిక ప్రజలే నడుపుకొను రేడియోకు ప్రసారవ్యవస్థలో మూడవ స్థానము నీయవలెనని కోరినది. సామాజిక రేడియో చరిత్రలో 'పస్తాపూరు ఇనీషియేటివ్' అని వాడబడునది ఇదియే. మన ప్రాంతపు పల్లె పేరు ఆ విధముగా దేశదేశముల గ్రంథములకెక్కినది.

లైసెన్సు లేని ఆ పదియేండ్లు మాచనూరువారు ఊరకుండలేదు. పాటలను, సంభాషణలను, సేద్యపు మాటలను టేపులపైకెక్కించి, ఆ టేపులను ఊరూర సంఘముల సమావేశములలో వినిపించిరి. గాలి అనుమతి ఈయకున్నచో కాలినడకనే మాటను మోసిరన్నమాట. కర్ణాటకమున కోలారు జిల్లా బూదికోటలో 'నమ్మ ధ్వని' వారు ఇదే చిక్కును కేబుల్ తీగ ద్వారా ఇంటింటికి ధ్వనిని పంపి దాటిరి.

2002 డిసెంబరులో ప్రభుత్వము విద్యాసంస్థలకు మాత్రమే సామాజిక రేడియో అనుమతి నిచ్చినది. ఆ క్రమమున 2004 ఫిబ్రవరి 1న మద్రాసునందు అన్నా విశ్వవిద్యాలయపు రేడియో మొదలైనది. చదువుకొన్నవారికి దొరకిన మాట చదువు లేనివారికి దొరకుటకు మరి కొన్నియేండ్లు పట్టినది. 2006 నవంబరులో నియమములు మార్చి, కనీసము మూడేండ్లు ప్రజాసేవ చేసిన స్వచ్ఛంద సంస్థలకును అవకాశము కల్పించిరి. ప్రసారశక్తి 100 వాట్లు, స్తంభపు ఎత్తు 30 మీటర్లు మించరాదు; కార్యక్రమములలో కనీసము సగము స్థానికముగా తయారైనవిగా నుండవలెను; గంటకు 5 నిమిషములకు మించి ప్రకటనలుండరాదు; వార్తలు చెప్పరాదు. ఇవి ఆనాటి నియమములు.

2008 అక్టోబరు 15, గ్రామీణ మహిళా దినోత్సవమున, 90.4 మెగాహెర్ట్జ్‌పై సంఘం రేడియో ప్రారంభమైనది. ప్రారంభించినవారు, వాయుతరంగములు ప్రజలవని తీర్పు చెప్పిన పి.బి.సావంత్ గారే. తీర్పు వ్రాసిన చేయియే పదుమూడేండ్ల పిమ్మట ఆ తీర్పు ఫలమును అందించుట అరుదైన ఘటన. అది భారతదేశమున గ్రామీణ దళిత స్త్రీలు నడుపు తొలి సామాజిక రేడియోగా ప్రఖ్యాతి నందినది. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అను ఇద్దరు స్త్రీలు దాని నిర్వహణలో పేరుగాంచిరి.

సాయంకాలము పనిపాటలు ముగిసిన వేళ రెండు గంటల ప్రసారము. అందులో విత్తనముల ముచ్చట, పశువుల వైద్యము, పండుగ పాటలు, సంఘముల కబుర్లు. భాష ఈ ప్రాంతపు భాష. కన్నడ, మరాఠీ, ఉర్దూ పలుకుబళ్లు కలిసిన జహీరాబాదు తెలుగు పుస్తకములకెక్కలేదు. పట్టణపు రేడియోలో అది హాస్యపాత్రల నోట మాత్రమే వినబడినది. ఇచ్చట అది విజ్ఞానమును చెప్పు భాషయైనది. తన యాసతో మాటలాడు స్వరము పెట్టెలోనుండి వచ్చినప్పుడు, ఇరుగుపొరుగు గ్రామముల స్త్రీలకు తమ మాటకు విలువ కలదని తెలిసినది. రేడియో చేసిన మేలులలో ఇది అన్నింటికంటె పెద్దది.

వరంగల్ పంట

ఈ స్త్రీల కెమెరా తమ ఊరి పొలిమేర దాటిన సందర్భము చెప్పదగినది. 2002 మార్చిలో భారత ప్రభుత్వము బీటీ పత్తికి అనుమతి నిచ్చినది. ఆ ఏటి పంటకాలమంతయు వీరు వరంగల్ జిల్లాకు మరల మరల పోయి, విత్తిన నాటినుండి పత్తి తీసిన నాటివరకు రైతుల మాటలను, చేలను చిత్రించిరి. అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సక్ఖరి గార్లు అదే కాలమున లెక్కలు సేకరించిరి. 2003లో వెలువడిన ఆ చిత్రము, బీటీ పత్తిపై వరంగల్ రైతులకు కోపమెందుకని ప్రశ్నించునట్టిది. అది పరభాషలలోనికి మారి విదేశములయందు ప్రదర్శింపబడెను. బీటీ పత్తి లాభనష్టములపై శాస్త్రజ్ఞులలో భిన్నాభిప్రాయములున్నవి; ఆ వాదము ఇంకను తీరలేదు. కాని ఒక విషయము వాదమునకు లొంగనిది. ఒక్కనాడు వచ్చి ఒక్క చేను చూచి పోవు విలేఖరికిని, పంట ఎదుగుటను నెలనెల చూచిన సేద్యగత్తెకును చూపులో భేదమున్నది. పంటను ఎఱిగిన కన్ను కెమెరా వెనుక నిలిచినప్పుడు ఏ ప్రశ్న అడుగవలెనో దానికి ఎవరును నేర్పనక్కరలేదు.

వలలోనికి వచ్చిన ధ్వని

ఈలోగా ప్రపంచమున మరియొక మార్పు వచ్చినది. 1989లో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన 'వెబ్' తొలుత అక్షరములకే పరిమితము. 1993లో మొజాయిక్ అను సాధనముతో బొమ్మలు అక్షరముల సరసన చేరినవి. మన దేశమున 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినది. అదే సంవత్సరమున రియల్ ఆడియో ద్వారా ధ్వనిని పూర్తిగా దిగుమతి చేసికొనకయే వినుచుండుట సాధ్యమైనది.

ధ్వనిని వలలో పంపుట ఎంత కష్టమో ఒక చిన్న లెక్క చూచిన తెలియును. కాంపాక్ట్ డిస్కుపై ధ్వనిని సెకనుకు 44,100 మార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో వ్రాయుదురు. ఎడమ కుడి చెవులకు వేర్వేరుగా రెండు వరుసలు. సెకనుకు 14 లక్షల బిట్లు దాటును. 1995 నాటి సామాన్య సంబంధము వేగము సెకనుకు 9,600 బిట్లు. ఆ వేగముతో ఒక్క నిమిషపు పాట వచ్చుటకు సుమారు రెండున్నర గంటలు పట్టును! మనిషి చెవి ఎట్లును గుర్తింపలేని అంశములను వదలి ధ్వనిని పదవ వంతునకు కుదించు ఎంపీ3 వంటి పద్ధతులు రాకున్నచో పల్లెపాట వలలోనికి వచ్చియుండెడిది కాదు. వీడియోకు భారము ఇంకను హెచ్చు. సెకనుకు 25 బొమ్మలు గదా!

2005లో యూట్యూబు మొదలగుటతో చిత్రమును పంచుట సులభమైనది. 2014 అక్టోబరులో హెచ్‌టీఎంఎల్ 5 ప్రమాణముగా స్థిరపడి, ధ్వనికిని వీడియోకును పుటలోనే స్వతంత్ర స్థానము లభించినది. 2016 తరువాత ఫోనుపై ఇంటర్నెట్ వెల తగ్గుటతో అది మన పల్లెలకును చేరినది. జహీరాబాదు స్త్రీల చిత్రములను నేడు దూరదేశములవారు గూడ ఇంటినుండియే చూడగలరు.

వెబ్‌లో విశేషమేమనగా పాఠకుడు ఊరక చూచువాడు కాడు. విత్తనపు బొమ్మను తాకినచో దాని పేరు పలుకును; పేరును తాకినచో దానిని పండించు విధానము చిత్రముగా కనబడును; నచ్చినచోట ఆగవచ్చును, వెనుకకు మరలవచ్చును, తన ఊరి సంగతి చేర్చవచ్చును. పటము కథలో శ్రోత అడిగిన ఘట్టమును కథకుడు మరల విప్పి చూపుట ఇదియే గదా! పాత పనికి క్రొత్త పనిముట్టు దొరకినది.

అయినను పనిముట్టు చేతనుండినంత మాత్రమున మారుమాట పుట్టదు. నేడు వేలకొలది చిత్రములు ఒకదాని వెనుక నొకటి వాటంతట అవియే కదలుచు, చూచువానికి తలంచుకొను వ్యవధి యీయవు. నగరమువాడు చెప్పును, పల్లెవాడు చూచును అను సైట్ నాటి స్థితి ఫోనులోనికి మరలివచ్చు ప్రమాదమున్నది. అర్థములేని మోతకును, ఎదుటివానికి మాటలాడ చోటిచ్చు మాటకును గల భేదమును మాచనూరు మనకు చూపినది.

గ్రంథాలయ కర్తవ్యము

2023 మార్చి 19న పి.వి.సతీశ్ గారు కాలధర్మము చెందిరి. తొలినాటి సంఘముల స్త్రీలు వృద్ధులగుచున్నారు. వారి కంఠములు నిలిచిన అయస్కాంతపు టేపులు శాశ్వతములు కావు. తేమకు, వేడికి పూత రాలిపోవును; వానిని పలికించు యంత్రములు అంగడిలో దొరకవు. సంఖ్యలుగా మార్చినంత మాత్రమున భయము తీరదు. ఒకప్పుడు వెబ్‌పై ధ్వనికి, కదలు బొమ్మకు ఫ్లాష్ అను సాధనమే ఆధారము. 2020 డిసెంబరు 31తో దాని పోషణ నిలిచిపోయినది. దానినే నమ్మి చేసిన అసంఖ్యాకములైన పనులు తెరువరానివైనవి. ఒక్క సంస్థ చేతిలోని తాళముతో భద్రపరచిన సొత్తు మనది కాదని దీనివలన తెలియును.

గ్రామ గ్రంథాలయమునకు ఇందు చేయదగిన పని కలదు. దానికి పెద్ద ధనము నక్కరలేదు. ఊరిలోని పెద్దల పాటను, కథను, సేద్యపు అనుభవమును వారి అనుమతితో ధ్వనిముద్రణము చేయవలెను. పలికినవారెవరు, ఏ ఊరు, ఏ తేదీ అను వివరములను ప్రతి ముద్రణమునకు జాబితాలో వ్రాయవలెను. వివరము లేని ధ్వని అట్టలేని పుస్తకము వంటిది. ఒకటి గ్రంథాలయమందు, ఒకటి వేరొక తావున, రెండు ప్రతులుండవలెను. ఎవరైనను తెరువగల బహిరంగ రూపములలో దాచవలెను. మాటను అక్షరములలో గూడ వ్రాసి ప్రక్కన చేర్చినచో వినలేనివారికి ఉపకారమగును; వెదకుటకును వీలగును. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా వంటి వేదికలు ఇట్టి సేకరణమునకు ఆహ్వానము పలుకుచున్నవి. హైదరాబాదు విశ్వవిద్యాలయమున 2011లో సామాజిక మాధ్యమములకై యునెస్కో పీఠము ఏర్పడినది. మార్గదర్శకులకు కొరత లేదు.

అన్నింటికంటె ముఖ్యమైనది వినిపించుట. దాచిన ధ్వనిని వారమున కొకనాడు గ్రంథాలయపు అరుగుపై వినిపించి, విన్నవారిచేత మాటలాడించి, ఆ మాటలను గూడ ముద్రించినచో సేకరణము తనంతట తానే పెరుగును. చదువరుల కుర్చీల సరసన చదువు రాని అవ్వకు ఒక చాప పరచవలెను. ఆమె వినుటకు మాత్రమే కాక, చెప్పుటకు.

కెమెరా పట్టిన స్త్రీలను చూచి, ఇక అక్షరము నవసరము లేదని కొందరును, అక్షరము లేని సాధనము విద్య కాదని కొందరును వాదింతురు. రెండును ఏకపక్షములు. సంఘముల స్త్రీలు తమకు అక్షరము లేకున్నను మాటకు కొదవ లేదని ఋజువు చేసిరి. అక్షరము వద్దని వారు చెప్పలేదు. వారి పాటను విన్న బాలిక ఆ పాటను వ్రాసికొనుటకు అక్షరము నేర్చును. ఆమె వ్రాసినదానిని మరియొకరు పాడుదురు. మాటనుండి వ్రాతకు, వ్రాతనుండి మాటకు రాకపోకలుండు ఊరిలో గ్రంథాలయము నిలుచును.

జోగిపేట మహాసభ నాటి పెద్దలు కవులను వెదకి అచ్చొత్తించిరి. మాచనూరు స్త్రీలు కంఠములను వెదకి గాలికెత్తించిరి. పాతికేండ్లు నిండిన పల్లె గ్రంథాలయము ఈ రెండు దీపములనుండియు వత్తి వెలిగించుకొని, రాయికోడు చుట్టుపట్ల పల్లెల మాటను, పాటను, చిత్రమును రాబోవు తరములకు అందించుగాక!